పల్లె కౌంటీ స్కూల్ డిస్ట్రిక్ట్ లోపలి లెక్క: మెక్‌డవెల్ కౌంటీ, వెస్ట్ వర్జీనియా

పాలపిట్ట (చర్చ మొదలుపెట్టినవారు)

అమెరికా బడుల గురించి మన వేదికల్లో మాట వస్తే ఫ్రిస్కో, ఎడిసన్, ఫోర్సైత్ కౌంటీ లాంటి మనవాళ్లు ఎక్కువున్న చోట్లు దాటి పోదు. కానీ జె-1 వేవర్ (స్వదేశం తిరిగి వెళ్లాలన్న వీసా షరతు నుంచి మినహాయింపు) మీద డాక్టర్లుగా, టీచరు వీసాల మీద పంతుళ్లుగా మారుమూల కౌంటీలకు (మన జిల్లాల్లాంటివి) చేరే తెలుగువాళ్లూ ఉన్నారు. ఇల్లు వెతికేటప్పుడు వాళ్లకు ముందుగా కనబడేది బడి పేరు పక్కన 10కి 2 అనో 3 అనో ఉండే అంకె. ఆ అంకె దేన్ని కొలుస్తోంది, దేన్ని వదిలేస్తోంది అన్నది ఇక్కడ తేల్చుకుందాం.

ఒక్క కౌంటీని పట్టుకుంటే మాట గాల్లో తేలదు. వెస్ట్ వర్జీనియా దక్షిణపు కొసన, వర్జీనియా సరిహద్దును ఆనుకుని ఉన్న మెక్‌డవెల్ తీసుకుందాం. 1950లో జనాభా 98,887. 2020లో 19,111. బొగ్గు తవ్వకంలోకి యంత్రాలు వచ్చాయి, మనుషులతో పని తగ్గింది, జనం వెళ్లిపోయారు. కొండలు, రోడ్లు, బడి భవనాలు మిగిలాయి. నిర్ణయాలు ఎవరివి, డబ్బు ఎక్కడిది, ఫలితాలు ఎందుకలా ఉన్నాయి? తెలిసినవాళ్లు అంకెలతో, పద్ధతితో రాయండి.

పద్దులపెట్టె

వెస్ట్ వర్జీనియాలో 1933 దాకా 398 చిన్న స్కూల్ డిస్ట్రిక్టులు (బడులు నడిపే స్థానిక సంస్థలు) ఉండేవి. ఆ ఏడు శాసనసభ వాటిని రద్దు చేసి, కౌంటీకి ఒకటి చొప్పున 55 చేసింది. కాబట్టి అక్కడ కౌంటీ హద్దే బడి హద్దు. కొంచెం డబ్బున్న ఊరు విడిపోయి తన డిస్ట్రిక్టు తాను పెట్టుకునే వీలు లేదు. ఊళ్లకు విడివిడిగా డిస్ట్రిక్టులు ఉండే న్యూజెర్సీకీ దీనికీ ఉన్న పెద్ద తేడా ఇదే.

డిస్ట్రిక్టును నడిపే స్కూల్ బోర్డులో అయిదుగురు సభ్యులు. పార్టీ గుర్తుల్లేని ఎన్నిక, నాలుగేళ్ల పదవి. ఒకే మేజిస్టీరియల్ డిస్ట్రిక్టు (కౌంటీలోని ఉపవిభాగం) నుంచి ఇద్దరికి మించి ఉండకూడదు. డిస్ట్రిక్టు ముఖ్య అధికారి అయిన సూపరింటెండెంటును బోర్డు నియమిస్తుంది. ఉద్యోగానికి పేరు ప్రతిపాదించే హక్కు మాత్రం సూపరింటెండెంటుదే. బోర్డు ఔననాలి లేదా కాదనాలి, సభ్యుడు తన మనిషి పేరు తానే తీసుకురాలేడు. బడులే పెద్ద ఉద్యోగదాతగా ఉన్న కౌంటీలో ఈ ఒక్క నియమం చాలా గొడవలు ఆపుతుంది. ఖాళీ వస్తే కనీసం అయిదు పనిదినాలు ప్రకటన పెట్టాలి. మామూలు సమావేశం అజెండా మూడు పనిదినాల ముందు, ప్రత్యేక సమావేశమైతే రెండు పనిదినాల ముందు బయటపెట్టాలి.

ఇక డబ్బు. ఆర్థిక సంవత్సరం జులై 1 నుంచి జూన్ 30. డిస్ట్రిక్టు బడ్జెట్టు బతుకంతా అక్టోబరు 1న బడుల్లో పేరున్న పిల్లల సంఖ్య మీద నడుస్తుంది. ఈ అక్టోబరు లెక్క వచ్చే జులై బడ్జెట్టుకు పునాది. రాష్ట్రం సూత్రం ఇలా ఉంటుంది: చదరపు మైలుకు ఎంతమంది పిల్లలున్నారో చూసి కౌంటీలను నాలుగు తరగతులు చేస్తారు. అయిదుగురికంటే తక్కువైతే అతి పలుచని కౌంటీ. ఆ తరగతికి వెయ్యిమంది పిల్లలకు 72.75 మంది ఉపాధ్యాయ వర్గం, 45.68 మంది సర్వీస్ సిబ్బంది (డ్రైవర్లు, వంటవాళ్లు, ఆయాలు, మరమ్మతు మనుషులు) వరకు జీతాలను రాష్ట్రం లెక్కలోకి తీసుకుంటుంది. అంతకుమించి పెట్టుకుంటే కౌంటీ సొంత డబ్బు.

మెక్‌డవెల్ విస్తీర్ణం దాదాపు 535 చదరపు మైళ్లు. అంటే పిల్లలు 2,675 కంటే తగ్గితే అతి పలుచని తరగతిలోకి పడుతుంది. పడింది కూడా, ఇటీవలి ఏళ్ల సంఖ్య 2,500 అటూఇటూ, ఇంకా జారుతోంది.

మంజీరతీరం

మంచిగ చెప్పిన్రు పద్దులపెట్టె అన్నా. ఒక ముచ్చట అడుగుత. పలుచని కౌంటీకి ఎక్కువ ఇస్తున్నరు గద, మరి ఇబ్బంది యాడుంది?

పద్దులపెట్టె

ఆ ఎక్కువ ఎంతో చూడండి. దాని పై తరగతికి వెయ్యిమందికి 72.60, దీనికి 72.75. తేడా 0.15. 2,500 మంది పిల్లలకు లెక్కేస్తే ఒక టీచరులో సగం కూడా రాదు. సర్వీస్ సిబ్బందిలో ఒకటిన్నర మనిషి. పలుచదనానికి ఇచ్చే గుర్తింపు ఇంతే.

అసలు నొప్పి పిల్లలు తగ్గినప్పుడు. ఒక ఏడాదిలో వందమంది వెళ్లిపోయారనుకోండి. సూత్రం ప్రకారం 7.3 ఉపాధ్యాయ పోస్టులు, 4.6 సర్వీస్ పోస్టులు, కలిపి పన్నెండు దాకా పోతాయి. కానీ ఆ వందమంది ఒకే తరగతి గది నుంచి లేచి వెళ్లరు. కిండర్‌గార్టెన్ నుంచి 12 దాకా 13 తరగతులు. తరగతికి ఎనిమిదిమంది లోపు. వాళ్లను ఏడెనిమిది భవనాల్లో పంచితే ఒక గదిలో ఒకరు తగ్గినట్టు. 19 మంది ఉన్న రెండో తరగతిలో ఇప్పుడు 18 మంది. టీచరు కావాలి, గది వేడి చేయాలి, బస్సు అదే కొండెక్కాలి. పోయిన రాబడి 12 ఉద్యోగాలది, తగ్గిన ఖర్చు దాదాపు సున్నా. ఇది ఒక్క ఏడాదితో ఆగదు, ఏటా జరుగుతుంది. పల్లె డిస్ట్రిక్టు పరిపాలన అంటే ప్రధానంగా ఈ సందును పూడ్చుకునే పని.

1,400 కంటే తక్కువ పిల్లలున్న కౌంటీలకు 2019 చట్టం ఒక ఆసరా ఇచ్చింది: 1,400 ఉన్నట్టే లెక్కగట్టి డబ్బిస్తారు. మెక్‌డవెల్ ఆ గీతకు పైన ఉంది. చిన్నది కానంత పెద్దది, నిలదొక్కుకోలేనంత చిన్నది.

పాలపిట్ట

మరి ఆస్తి పన్ను? "అక్కడి ఇళ్లకు విలువ లేదు కాబట్టి బడులకు డబ్బు లేదు" అని అందరూ అనేస్తుంటారు.

పద్దులపెట్టె

సగమే నిజం పాలపిట్ట గారూ.

ఆస్తి మదింపు మార్కెట్ విలువలో 60 శాతం. యజమాని తానే ఉంటున్న ఇంటికి బడి పన్ను వంద డాలర్ల మదింపుకు 38.8 సెంట్లు. 50,000 డాలర్ల ఇల్లయితే మదింపు 30,000, పన్ను 116 డాలర్ల 40 సెంట్లు. ఇంటాయన 65 దాటినవాడైతే మదింపులో 20,000 మినహాయింపు. మిగిలేది 10,000, పన్ను 38 డాలర్ల 80 సెంట్లు. ముసలివాళ్లు ఎక్కువగా ఉన్న కౌంటీలో ఇళ్ల నుంచి వచ్చేది ఈ మాత్రమే.

అయితే ఈ మామూలు పన్నులో చాలా భాగాన్ని రాష్ట్రం "మీ వాటా" అని తన సాయంలోంచి తీసేస్తుంది. విలువలు పడితే వాటా తగ్గుతుంది, రాష్ట్ర సాయం ఆ మేరకు పెరుగుతుంది. కాబట్టి విలువ పడటం మూల బడ్జెట్టును అంతగా కుంగదీయదు. దెబ్బ రెండుచోట్ల తగులుతుంది. ఒకటి, ఓటర్లు మెజారిటీతో అయిదేళ్ల వరకు ఆమోదించే అదనపు లెవీ (పన్ను). ఇది సూత్రం బయట ఉంటుంది, ప్రతి డాలరూ కౌంటీకే మిగులుతుంది. విలువ పడితే నేరుగా ఇక్కడ కోత. రెండోది, వస్తుందని రాసుకున్న పన్ను రాకపోవడం. మెక్‌డవెల్ భూమిలో పెద్ద భాగం బయటి కంపెనీలది. 2015, 16లో బొగ్గు కంపెనీలు వరుసగా దివాలా తీసినప్పుడు బొగ్గు కౌంటీలకు పన్ను కాగితం మీద ఉంది, బ్యాంకులో లేదు. జీతాల తేదీ మాత్రం ఆగదు.

కౌంటీ కేంద్రం వెల్చ్ దగ్గర 2010లో తెరిచిన ఫెడరల్ జైలు ఉద్యోగాలు తెచ్చింది. ఫెడరల్ ఆస్తి కాబట్టి పన్ను తేలేదు.

కొండదారి

బస్సుల సంగతి నేను రాస్తాను. దీన్ని పక్కనబెట్టి ఎవరూ ఆ జిల్లాను అర్థం చేసుకోలేరు.

రోడ్డు వాగు వెంట పోతుంది, ఇళ్లు రోడ్డు వెంట గీతలా ఉంటాయి. వృత్తంలా తిరిగే రూటు కుదరదు. ఒక లోయ సందులోకి వెళ్లి, చివర వెనక్కి తిరిగి, అదే దారిలో బయటికొచ్చి, పక్క సందులోకి వెళ్లాలి. కాకి ఎగిరే దూరం రెండు మైళ్లుంటే బస్సు దూరం పది దాటుతుంది. రాష్ట్ర ప్రణాళికలో ఒకవైపు ప్రయాణానికి పెట్టుకున్న గీత: ప్రాథమిక పిల్లలకు 30 నిమిషాలు, మిడిల్‌కు 45, హైస్కూలుకు 60. చివరి సందు పిల్లల విషయంలో ఈ గీత దాటడం కొత్త కాదు.

అతి పలుచని కౌంటీకి బస్సుల నిర్వహణ ఖర్చులో 95 శాతం రాష్ట్ర సూత్రంలో లెక్కకొస్తుంది, దట్టమైన కౌంటీకి 87.5. ఇది నిజంగా పనికొచ్చే సాయం. బస్సు మార్పిడి 12 ఏళ్లకు, లేదా 1,80,000 మైళ్లు తిరిగితే అంతకంటే ముందే.

ఎక్కడ చెడుతుంది? కొత్త డీజిల్ బస్సుల్లో పొగ మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. అది తనను తాను కాల్చుకుని శుభ్రం కావాలంటే ఇంజను కాసేపు నిలకడైన వేగంతో వేడిగా నడవాలి. ఇక్కడ రూటంతా ఆగు, ఎక్కించు, కదులు. కాల్పు సగంలో ఆగిపోతుంది, మసి నిండుతుంది, ఇంజను శక్తిని తగ్గించేసుకుంటుంది. ఎక్కుడు మధ్యలో బస్సు ఈడుస్తుంది. నివారణ: డ్రైవరు దీపం వెలిగిన రోజే చెప్పాలి, గ్యారేజీలో బస్సు నిలబెట్టి బలవంతపు కాల్పు చేయాలి, లేదా రూటు అయ్యాక పెద్ద రోడ్డు మీద అరగంట తోలాలి. వారం నాన్చితే ఫిల్టరు ఊడదీయాల్సిందే, బస్సు రోజుల తరబడి మూల పడుతుంది. స్పేర్ బస్సులు లేకపోతే రెండు రూట్లు కలుపుతారు, పిల్లలు గంట ఆలస్యంగా ఇల్లు చేరతారు.

చలికాలంలో రెండు గంటల ఆలస్యం ఎందుకు ప్రకటిస్తారో బయటివాళ్లకు తెలియదు. పెద్ద రోడ్డు ఆరిపోయి ఉంటుంది. ఉత్తరం వైపు తిరిగిన సందుల్లో పొద్దు పదింటిదాకా పడదు, అక్కడ నల్లమంచు అలాగే ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి రవాణా అధికారి మనిషి ఆ సందులు తిరిగి చూసి చెప్పినదాన్ని బట్టే సూపరింటెండెంటు నిర్ణయం.

బడిగంట

కొండదారి గారు చెప్పిన బస్సే బడుల మూసివేత గొడవకు కూడా మూలం. పద్ధతి తెలిస్తే సగం పుకార్లు ఆగుతాయి. బోర్డు ముందుగా కారణాలు రాతపూర్వకంగా తయారుచేయాలి: పిల్లల సంఖ్య, భవనం స్థితి, డబ్బు, సిబ్బంది, బస్సు సమయం, చదువు మీద ప్రభావం. ఆ కాగితం బహిరంగ విచారణకు కనీసం 30 రోజుల ముందు అందరికీ అందుబాటులో ఉండాలి. దెబ్బతినే బడి విషయమై విచారణ జరిపి, ఆ తరవాతే ఓటు. ఆపైన పదేళ్ల భవన ప్రణాళిక సవరణకు రాష్ట్ర బోర్డు ఆమోదం కావాలి. ఇవి జరగకుండా "వచ్చే ఏడు మూసేస్తారట" అన్నది వట్టి మాట.

మెక్‌డవెల్‌లో హైస్కూళ్లు ఇప్పుడు రెండే. వెల్చ్ వైపు మౌంట్ వ్యూ. పడమర వైపు బ్రాడ్‌షాలో రివర్ వ్యూ; వార్ ఊళ్లోని బిగ్ క్రీక్, అయేగర్ హైస్కూళ్లను కలిపి 2010లో తెరిచారు. కలపడం వల్ల ఒక లాభం స్పష్టం: 12వ తరగతిలో 30 మంది ఉన్న బడిలో ఫిజిక్స్, రెండో ఏడాది స్పానిష్, వెల్డింగు మూడూ నడపలేరు. 80 మంది ఉంటే నడుస్తాయి.

కొండదారి

లాభం ఒప్పుకుంటాను బడిగంట గారూ. పొదుపు ఒప్పుకోను. చిన్న ప్రాథమిక బడి మూస్తే ఖర్చు తప్పేది ఒక ప్రిన్సిపాల్, ఒక సెక్రటరీ, ఒకరిద్దరు వంటవాళ్లు, భవనం శుభ్రం చూసే ఒక కస్టోడియన్, కరెంటు, హీటింగు. టీచర్లు పిల్లలతోపాటే పక్క బడికి పోతారు, అది పొదుపు కాదు. పైగా ఒకటో రెండో కొత్త బస్సు రూట్లు. అయిదేళ్ల పిల్ల తెల్లారకముందే రోడ్డు మీద నిలబడాలి. ఆ కష్టాన్ని ఏ పట్టికలోనూ రాయరు. సాయంత్రం బాస్కెట్‌బాల్ ఆడే పిల్లవాడికి ఆఖరి బస్సు లేకపోతే ఆట మానేస్తాడు, ఆట మానినవాడు బడికి రావడమూ తగ్గిస్తాడు.

పద్దులపెట్టె

ఇద్దరిదీ కలుపుతాను. మూసివేతలో పెద్ద డబ్బు ఏటా మిగిలేది కాదు, ఒక్కసారి పెట్టాల్సింది తప్పడం. కప్పు, బాయిలరు, వరద మట్టానికి కింద ఉన్న అంతస్తు. 2001, 2002 వరదలు, 2025 ఫిబ్రవరి వరద ఆ కౌంటీని ముంచాయి; వాగు ఒడ్డున తప్ప చదునైన నేల లేకపోవడం వల్ల భవనాలు అక్కడే కట్టారు. 1989లో ఏర్పడిన రాష్ట్ర స్కూల్ బిల్డింగ్ అథారిటీ గ్రాంటు ఇస్తుంది, కానీ కౌంటీలు పోటీపడి తెచ్చుకోవాలి. సగం ఖాళీ భవనానికి కొత్త కప్పు అడిగితే గెలవడం కష్టం.

మంజీరతీరం

మన దిక్కు ఎంఈఓ, డీఈఓ ఉంటరు, జీతం రాష్ట్ర ఖజానా నుంచి వస్తది, ఊరోళ్లు ఓటేసి బడికి పన్ను పెంచుకునుడు ఉండదు. పిల్లలు తగ్గితే రేషనలైజేషన్ పేరు మీద టీచర్ను ఇంకో మండలానికి పంపుతరు. అక్కడ గట్ల కౌంటీ దాటించలేరు గద? మరి పోస్టు తగ్గితే మనిషి ఏమైతడు?

బడిగంట

కౌంటీ దాటించలేరు. ఉద్యోగం కౌంటీ బోర్డుది. పోస్టులు తగ్గించాలంటే వసంతంలోనే నోటీసు, కోరితే బోర్డు ముందు విచారణ. టీచర్లలో ఎవరు ముందు బయటికి అన్నది 2019 దాకా సర్వీసు కాలాన్ని బట్టే ఉండేది, ఆ తరవాత కౌంటీ విధానంలో రాసుకున్న అర్హతలను బట్టి. సర్వీసు కాలానికి బరువిస్తే నిన్నగాక మొన్న కష్టపడి పట్టుకొచ్చిన కుర్ర టీచరే ముందు పోతాడు. ఆగస్టులో ఎవరో రిటైరై పోస్టు ఖాళీ అయ్యేసరికి అతను సరిహద్దు దాటి వర్జీనియాలో చేరి ఉంటాడు.

టీచర్ల కొరతే ఈ కౌంటీ చదువుకు అన్నిటికంటే పెద్ద గండం అని నా నమ్మకం. జీతానికి రాష్ట్రమంతటా కనీస స్కేలు ఒకటే, దాని పైన కౌంటీ సొంతంగా కలిపేది కలుపుతుంది. పేద కౌంటీ కలపగలిగింది తక్కువ. 2018 ఫిబ్రవరి 22న 55 కౌంటీల్లోనూ టీచర్లు, సిబ్బంది సమ్మెకు దిగి, మార్చి మొదటివారంలో 5 శాతం పెంపు సాధించారు. పెంపు అందరికీ ఒకేలా వచ్చింది. కౌంటీల మధ్య తేడా అలాగే ఉంది.

రెండో అడ్డంకి ఇల్లు. ఖాళీ ఇళ్లు వందల్లో ఉంటాయి, అద్దెకు పనికొచ్చేవి దొరకవు. అందుకే 2011 చివర్లో అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ టీచర్స్ ముందుండి మొదలుపెట్టిన రీకనెక్టింగ్ మెక్‌డవెల్ అనే ఉమ్మడి ప్రయత్నం వెల్చ్ నడిబొడ్డున టీచర్ల కోసం అపార్టుమెంట్లు కట్టించడాన్ని ఒక లక్ష్యంగా పెట్టుకుంది. బడి సమస్యకు విరుగుడు బడి గోడల్లోనే దొరకదని గుర్తించిన ప్రయత్నం అది.

టీచరు దొరకనప్పుడు జరిగేది: ప్రకటన పెడతారు, అర్హులు రారు, తాత్కాలిక పర్మిట్ మీద వేరే సబ్జెక్టువాళ్లను పెడతారు, వాళ్లూ లేకపోతే దీర్ఘకాల సబ్‌స్టిట్యూట్ (బదులు టీచరు). రిటైరైన టీచరు మామూలుగా ఏడాదికి 140 రోజులే సబ్‌గా పనిచేయొచ్చు. తీవ్ర కొరత ఉన్న సబ్జెక్టయితే కౌంటీ ప్రత్యేక అనుమతితో దాటొచ్చు. ఏడో తరగతి లెక్కలకు రెండేళ్లు వరుసగా అర్హత ఉన్న టీచరు లేకపోతే, తొమ్మిదిలో ఆల్జీబ్రా పడిపోతుంది. ఆ ఏడాది మార్కులు చూసి హైస్కూలును తిట్టడం అన్యాయం.

పాలపిట్ట

మన దేశం నుంచి టీచర్లను తెచ్చుకునే దారి గురించి రెండు మాటలు చెప్తారా?

బడిగంట

జె-1 టీచరు కార్యక్రమంలో మూడేళ్లు, పొడిగిస్తే మరో ఏడాదో రెండేళ్లో. డిగ్రీతోపాటు కనీసం రెండేళ్ల పూర్తికాలపు బోధనానుభవం అడుగుతారు. స్పాన్సరు సంస్థ ఒకటి తప్పనిసరి. ఏజెంటు అడిగే డబ్బు ఎంత, అందులో స్పాన్సరు ఫీజు ఎంత అన్నది విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. కారు లేకుండా మెక్‌డవెల్ లాంటి చోట ఒక్కరోజు గడవదు. ఆ ఖర్చు ముందే కలుపుకోండి. హెచ్-1బి దారిలో 2025 సెప్టెంబరు ప్రకటన తరవాత విదేశంలో ఉన్నవాళ్లకు వేసే కొత్త దరఖాస్తు మీద లక్ష డాలర్ల ఫీజు వచ్చి పడింది. ఒక టీచరు రెండేళ్ల జీతం దాకా అదే. పల్లె డిస్ట్రిక్టు దాన్ని మోయలేదు.

తుంగభద్ర

ఇప్పటిదాకా ఎవరూ ముట్టుకోని రెండు విషయాలు: అన్నం, ప్రత్యేక విద్య.

భోజనం. ఫెడరల్ నియమం ప్రకారం ఆహార సాయంవంటి పథకాల్లో ఉండి, దరఖాస్తు లేకుండానే అర్హులని తేలిన పిల్లల శాతం తీసుకుంటారు. అది 25 దాటితే (2023కు ముందు 40) బడిలో అందరికీ ఉచితంగా పెట్టొచ్చు. కానీ డబ్బు తిరిగొచ్చే లెక్క వేరు: ఆ శాతాన్ని 1.6తో గుణిస్తారు. 62.5 ఉంటే నూరు శాతం భోజనాలకు పూర్తి రేటు. 50 ఉంటే 80 శాతానికే పూర్తి రేటు, మిగతా 20కి చిల్లర. మెక్‌డవెల్ లాంటి పేద కౌంటీకి ఇది కలిసొస్తుంది. ఎక్కడ జారుతుందంటే, కుటుంబం ఆహార సాయం కార్డు తిరిగి నమోదు చేయించుకోకపోతే ఆ పిల్ల లెక్కలోంచి పోతుంది. ఆకలి అలాగే ఉంటుంది, శాతం తగ్గుతుంది. నాలుగేళ్ల చక్రం మొదలుపెట్టే ముందు ఏప్రిల్ 1 జాబితాను రాష్ట్ర జాబితాతో పేరుపేరునా సరిచూడటం ఆ ఆఫీసులో అతి విలువైన పని.

ప్రత్యేక విద్య. ఫెడరల్ చట్టం ఒక్కో పిల్లవాడి మీద దేశ సగటు ఖర్చులో 40 శాతం దాకా ఇస్తామంది. ఇస్తున్నది అందులో మూడోవంతు దగ్గర. స్పీచ్ థెరపిస్టు పోస్టు ఖాళీగా ఉన్నా పిల్లవాడి ప్రత్యేక విద్యా ప్రణాళికలో వారానికి రెండుసార్లు అని రాసి ఉంటే చేయాల్సిందే. చేయని ప్రతి సెషనూ తరవాత పరిహారంగా తీర్చాల్సిన అప్పు. వీడియో థెరపీ పెట్టినా పిల్లవాడి పక్కన కూర్చునే సహాయకులు, తెగిపోని ఇంటర్నెట్ ఉండాలి.

పాలపిట్ట

రాష్ట్రం ఈ డిస్ట్రిక్టును తన చేతిలోకి తీసుకుందని విన్నాం. అది పనిచేసిందా?

పద్దులపెట్టె

2001లో తీసుకుంది, 2013లో తిరిగిచ్చింది. స్థానిక బోర్డు ఎన్నికవుతూనే ఉంది, కానీ సిబ్బంది, పాఠ్యం, క్యాలెండరు, భవనాల నిర్ణయాలు రాష్ట్రానివి. పద్దులు గాడిన పడ్డాయి, పాత భవనాలు తగ్గాయి, కొత్త హైస్కూలు వచ్చింది. స్థానిక బోర్డు ఓట్ల భయంతో చేయలేని మూసివేతలు అప్పుడు జరిగాయి. అందువల్ల కొంత పనిచేసిందనే అంటాను.

బడిగంట

నేను అనను. పన్నెండేళ్లు అంటే ఒక పిల్ల ఒకటో తరగతిలో చేరి హైస్కూలు ముగించే కాలం. ఆ కాలమంతా రాష్ట్రం చేతిలో ఉండి కూడా పరీక్షల్లో కౌంటీ రాష్ట్రంలో అట్టడుగు వరసలోనే మిగిలింది. టీచరు లేని గదికి రాష్ట్ర రాజధాని చార్లెస్టన్ నుంచి ఆదేశం పంపితే టీచరు పుట్టడు. డబ్బు పంపిణీలో రాష్ట్రం బాధ్యత ఏమిటో కోర్టు ఎప్పుడో చెప్పింది: లింకన్ కౌంటీ తల్లిదండ్రులు వేసిన పాలీ వర్సెస్ కెల్లీ కేసులో 1979లో రాష్ట్ర సుప్రీంకోర్టు చదువు ప్రాథమిక హక్కు అంది, 1982లో జడ్జి ఆర్థర్ రెక్ట్ వ్యవస్థ ఆ హక్కుకు సరిపోవడం లేదని తీర్పిచ్చారు. తాళాలు మార్చుకోవడం కంటే ఆ తీర్పును పూర్తిగా అమలు చేయడం మేలు చేసేది.

పద్దులపెట్టె

పరీక్షల విషయంలో మీతో వాదించను.

తుంగభద్ర

పాలపిట్ట గారి మొదటి ప్రశ్నకొస్తాను, 10కి 2 అన్న అంకె.

అది ఎక్కువగా ఆ ఏడాది పరీక్షలో నిర్దిష్ట స్థాయి దాటినవాళ్ల శాతం. అది ఇంటి ఆదాయాన్ని చాలావరకు అద్దంలా చూపిస్తుంది. బడి ఏం కలిపిందో తెలియాలంటే ఎదుగుదల చూడాలి: అదే పిల్లలు మూడో తరగతిలో ఎక్కడున్నారు, అయిదులో ఎక్కడున్నారు. తరగతి చిన్నదైతే ఇంకో జాగ్రత్త. 25 మంది ఉన్న నాలుగో తరగతిలో ఒక్క పిల్లవాడు అంటే 4 శాతం. ముగ్గురి ఫలితం మారితే 12 శాతం ఊగుతుంది. కాబట్టి ఒక్క ఏడాది కాదు, మూడేళ్లు కలిపి చూడండి.

హాజరు చూడండి. 180 రోజుల్లో 10 శాతం, అంటే 18 రోజులు పోయినవాళ్లను దీర్ఘకాలిక గైర్హాజరు అంటారు. నెలకు రెండు రోజులు చాలు, ఆ గీత దాటడానికి. మత్తుమందుల వల్ల అమ్మానాన్నలు దూరమై తాతయ్య, అమ్మమ్మల దగ్గర పెరిగే పిల్లలు అక్కడ ఎక్కువ. అమ్మమ్మకు డయాలసిస్ ఉన్న రోజున చిన్న పిల్లను బస్సెక్కించేవాళ్లు ఉండరు. ఇలాంటివి కనిపెట్టి సర్దడానికే కమ్యూనిటీస్ ఇన్ స్కూల్స్ అనే స్వచ్ఛంద సంస్థ సమన్వయకర్తలను 2018 నుంచి రాష్ట్రంలో పెంచుతూ వచ్చారు. ఫెడరల్ కోవిడ్ నిధుల గడువు 2024 సెప్టెంబరు 30తో ముగిశాక చాలా డిస్ట్రిక్టుల్లో ఇలాంటి పోస్టుల మీదే ముందుగా వేటు పడింది. గైర్హాజరు తగ్గించే మనిషిని తీసేసి మార్కులు పెరగాలంటే ఎలా పెరుగుతాయి?

గ్రాడ్యుయేషన్ శాతాన్ని మార్కుల పక్కనపెట్టి చదవండి. గ్రాడ్యుయేషన్ బాగుండి 11వ తరగతి లెక్కల శాతం అడుగున ఉంటే, పిల్లలు బడిలో నిలుస్తున్నారు, నేర్చుకోవడం లేదని అర్థం. రెండూ పడితే జబ్బు వేరు. ఇందులో గుమాస్తా పనీ ఉంది: వెళ్లిపోయిన పిల్లవాడి రికార్డులు కొత్త బడి అడిగినట్టు కాగితం ఫైల్లో లేకపోతే వాడు బడి మానేసినవాడి కిందే లెక్క.

చిన్న తరగతుల్లో ఒక మంచి మార్పు వచ్చింది. 2023 నాటి మూడో తరగతి విజయ చట్టం కింద 12 మందికి మించిన ఒకటి నుంచి మూడో తరగతి గదుల్లో దశలవారీగా సహాయకులను పెడుతున్నారు, అక్షరం, ధ్వని పట్టుకుని చదవడం నేర్పే పద్ధతికి మారుతున్నారు. ఈ కౌంటీలో ఆశపెట్టుకోదగ్గది నాకు ఇదే కనిపిస్తోంది, ఆ సహాయకులు దొరికి నిలబడితే.

మంజీరతీరం

ఆఖరిగ ఒకటి. హోప్ స్కాలర్‌షిప్ అని పిల్లల పైసలు బయటికి పోతున్నయంటున్నరు. మెక్‌డవెల్‌ల ప్రైవేటు బళ్లే లేనట్టున్నయి, మరి ఏం నష్టం?

పద్దులపెట్టె

ప్రైవేటు బడే కావాలని లేదు. హోప్ అంటే ప్రభుత్వ బడి విడిచిన పిల్ల చదువుకు రాష్ట్రం డబ్బు వేసే ఖాతా. 2021 చట్టం తెచ్చింది, 2022 అక్టోబరులో రాష్ట్ర సుప్రీంకోర్టు నిలబెట్టింది. ఇంటి చదువు ఖర్చులకూ ఆ ఖాతా వాడుకోవచ్చు. బడి విడిచిన ప్రతి పిల్ల అక్టోబరు 1 లెక్కలో ఒకటి తక్కువ. జనవరిలో ఆ పిల్ల తిరిగొస్తే చేర్చుకోవాలి, ఆ అక్టోబరు లెక్క మీద వచ్చే డబ్బు మాత్రం పెరగదు.

అందుకే సెప్టెంబరు పని అంత ముఖ్యం. మొదటివారం రాని పిల్లల జాబితా బడుల వారీగా తీయాలి. ప్రతి పేరుకీ ఫోను. పని చేయకపోతే ఆ రూటు డ్రైవరును అడగాలి, ఏ ఇంట్లో ఎవరున్నారో ఆయనకు తెలుస్తుంది. ఇల్లు పోయి బంధువుల దగ్గర తలదాచుకున్న పిల్లలను చిరునామా కాగితం లేదని తిప్పి పంపకూడదు, ఫెడరల్ చట్టం వెంటనే చేర్చుకోమంటుంది. ప్రీ-కె (కిండర్‌గార్టెన్‌కు ముందు తరగతి) పిల్లలు, కొత్తగా వచ్చినవాళ్లు, రెండు బడుల్లోనూ పేరున్నవాళ్లు, వీళ్లను విడిగా సరిచూడాలి. ఇదంతా సెప్టెంబరు 30 సాయంత్రానికి కంప్యూటర్లోకి ఎక్కాలి. పదిమంది పిల్లలు జారిపోతే మరుసటి జులైలో ముప్పాతిక టీచరు జారిపోయినట్టే.